పాట్రిక్ రస్సెల్

నాగులచవితినాడు మనము పుట్టకు పాలు పోసి మ్రొక్కుదుము. మఱునాడు అదే పాము ఇంటి చూరున కనబడినచో దుడ్డుకఱ్ఱ వెదకుదుము. భక్తియు, భయమును ఇట్లు పెనవైచుకొనియున్న చోట విచారణ తలయెత్తుట కష్టము. ఇబ్రహీంపట్నము చెంతనున్న బొంగులూరు మొదలుకొని సముద్రతీరమునందలి బెస్తపల్లెలవఱకు తెలుగునాట పాముల తలపు లేని పల్లె యుండదు. పొలమున అడుగిడు రైతునకును, చీకటిలో దొడ్డిలోనికి పోవు గృహిణికిని అది నిత్యము తోడనుండు భయము. ఇన్ని పాములలో మనుష్యుని చంపునవి యేవి, చంపనివి యేవి అను చిన్న ప్రశ్నను దాదాపు రెండువందల నలువది యేండ్ల క్రిందట విశాఖపట్టణమున నొక విదేశీయ వైద్యుడు చేతబట్టెను. గాలిమాటలను నమ్మక, కన్నులార చూచి దానికి సమాధానము చెప్పెను. ఆయనయే పాట్రిక్ రస్సెల్.

రస్సెల్ స్కాట్లండు దేశపు ముఖ్యపట్టణమగు ఎడింబరోలో క్రీ. శ. 1726వ సంవత్సరమున జన్మించెను. తండ్రి న్యాయవాది. కుటుంబము పెద్దది. సవతి సోదరుడగు అలెగ్జాండరు రస్సెల్ వైద్యవిద్య నేర్చి, ఆలెప్పో నగరమున వర్తకము చేయుచుండిన ఆంగ్లేయులకు వైద్యుడుగా నుండెను. ఆలెప్పో యిప్పుడు సిరియా దేశములోనిది. ఆ కాలమున తురుష్క సామ్రాజ్యమునకు లోబడియుండెను. పాట్రిక్ కూడ వైద్యమే చదివి, 1750 ప్రాంతమున అన్న కడకు చేరెను. 1753లో అన్న స్వదేశమునకు మరలిపోగా ఆ పదవి తమ్మునకు దక్కెను.

ఆలెప్పోలో రస్సెల్ దాదాపు ఇరువది యేండ్లు గడపెను. అచ్చటి ప్రజల భాషయగు అరబ్బీని నేర్చెను. ధనికులతోడను, దరిద్రులతోడను సమానముగా మెలగెను. 1760, 1761, 1762 సంవత్సరములలో ఆ నగరమున మహామారి చెలరేగెను. ఆ రోగమును పుట్టించు సూక్ష్మజీవిని 1894లో గాని శాస్త్రజ్ఞులు కనుగొనలేదు. కాబట్టి ఆ నాటి వైద్యునకు అది కంటికి కనబడని శత్రువుతోడి యుద్ధమువంటిది. రస్సెల్ ఆ నగరముననే నిలిచి, రోగము ఎట్లు మొదలైనది, ఎట్లు పెరిగినది, ఎప్పుడు తగ్గినది అను విషయములను క్రమము తప్పక వ్రాసికొనెను. ఆ దినచర్య ఆధారముగా మహామారినిగూర్చి ఆయన రచించిన పెద్దగ్రంథము 1791లో వెలువడెను. వినినదానిని వేఱుగను, చూచినదానిని వేఱుగను ఉంచవలెనను నియమము ఆయనకు ఆలెప్పోలోనే అలవడెను. ఆ యలవాటే తరువాత తెలుగునాట అక్కఱకు వచ్చెను.

1771లో రస్సెల్ ఆలెప్పోను విడిచి లండనునగరము చేరి వైద్యవృత్తిలో నుండెను. 1777లో రాయల్ సొసైటీ యను ప్రసిద్ధ విద్వత్పరిషత్తు ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. 1781లో తమ్ముడు క్లాడ్ రస్సెల్ ఈస్టిండియా కంపెనీ పక్షమున విశాఖపట్టణపు అధికారిగా నియమింపబడగా, పాట్రిక్ అతనికి తోడుగా బయలుదేఱెను. అప్పటికే ఆయనకు ఏబది యేండ్లు దాటినవి. ఆ వయసున పలువురు విశ్రాంతి కోరుదురు. రస్సెల్ క్రొత్త దేశమున, క్రొత్త భాష నడుమ, క్రొత్త విద్యను ఆరంభించెను.

విశాఖపట్టణమున ఒక దిక్కున కొండలు, ఒక దిక్కున సముద్రము. ప్రకృతిని పరిశీలించువానికి అంతకంటె మంచి పాఠశాల లేదు. చెట్లు, చేపలు, పాములు - ఈ మూటిని ఆయన తన పరిశోధనకు ఎన్నుకొనెను. బెస్తవాండ్రు తెచ్చు చేపలను పరిశీలించి, వానిలో 200 రకములను తరువాత బొమ్మలతో వర్ణించెను. కంపెనీ కొలువున ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నుండిన కొయినిగ్ అను పండితుడు 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున మరణింపగా, ఆ పదవిని కంపెనీవారు రస్సెల్‌కు ఇచ్చిరి. ఈ తీరమున దొరకు ఉపయోగకరములైన మొక్కల నన్నింటిని గూర్చి ఒక గ్రంథము సిద్ధపఱుపవలెనని ఆయన ప్రభుత్వమునకు సూచించెను. సామర్లకోటయం దుండిన రాక్స్‌బర్గు ఆ పనిని చేపట్టెను. కోరమాండల్ తీరపు మొక్కలనుగూర్చి 1795 మొదలుకొని వెలువడిన ప్రఖ్యాత సంపుటములు ఆ సూచనకు ఫలములే.

అయినను రస్సెల్ పేరు ముఖ్యముగా పాములతోడనే ముడిపడియున్నది. దానికి కారణము కలదు. పాము కఱచినవాడు వైద్యుని యొద్దకు వచ్చినప్పుడు వైద్యునకు ఏమియు తోచకుండెను. కఱచిన పాము విషసర్పమో కాదో తెలియదు. ప్రతి పాముపేరునను భయంకరములైన కథలు వాడుకలో నుండెను. ఏ హానియు చేయని జెఱ్ఱిపోతునకును, నీరుకట్టెకును భయపడువారు కొందఱు; నిజముగా చంపగల కట్లపామును తేలికగా చూచువారు కొందఱు. భయము తగని చోట పెరిగి, తగిన చోట కొఱవడెను. ఈ యయోమయమును తొలగించుటయే ముందు చేయవలసిన పనియని రస్సెల్ నిశ్చయించుకొనెను.

ఆ కాలమున లిన్నేయసు అను స్వీడను దేశపు శాస్త్రజ్ఞుని పద్ధతి వ్యాప్తిలో నుండెను. పాము పొట్టక్రింది పలకలను, తోకక్రింది పొలుసులను లెక్కించి జాతులను వేఱుచేయుట ఆ పద్ధతి. రస్సెల్ ఎంతో ఓర్పుతో ఆ లెక్కలన్నియు వ్రాసికొనెను. కాని విషము కలదో లేదో తేల్చుటకు ఆ లెక్క చాలదని గ్రహించెను. అంతట ఆయన పాము నోరు తెఱచి చూచెను. విషములేని పాముల పైదవడ అంచున చిన్న చిన్న దంతములు వరుసగా నుండును. నాగు, కట్లపాము, పింజర మొదలగువానికి ఆ వరుస యుండదు. దానికి మాఱుగా ముందుభాగమున విషపు కోఱలుండును. ఒక్కొక్క కోఱయందును సన్నని త్రోవ కలదు. కన్ను వెనుకనున్న సంచినుండి విషము ఆ త్రోవగుండ గాయములోనికి దిగును. ఈ రీతిని పరీక్షించిన 43 పాములలో ఏడింటికి మాత్రమే విషాంగములున్నట్లు రస్సెల్ తేల్చెను. జనులను భయపెట్టుచుండిన పాములలో అధికభాగము నిరపరాధులని దీనివలన స్పష్టమయ్యెను.

ఈ పని ఆయన ఒక్కడే చేయలేదు. పాములను పట్టి తెచ్చినవారు ఇచ్చటి జనులే. వాని పేర్లు చెప్పినవారును వారే. రస్సెల్ ఆ పేర్లను త్రోసివేసి లాటిను పేర్లు పెట్టుటకు తొందరపడలేదు. వారి నోట వినిన తెలుగు పేర్లనే ఆంగ్లలిపిలో వ్రాసికొని, బొమ్మల క్రింద అచ్చు వేయించెను. కాటుకరేకుల పొడ, గెడి పరగుడు, బంగారు పాము మొదలగు పేర్లు అట్లు ఆయన గ్రంథమున నిలిచినవి. ఆ పాములవాండ్ర పేర్లు మనకు దక్కలేదు గాని వారి మాటలు శాస్త్రమున మిగిలినవి.

పిమ్మట రస్సెల్ విషము పనిచేయు తీరును పరిశీలించెను. కోళ్ళను, కుక్కలను పాములచేత కఱపించి, ఏ పాముకాటున ఏ లక్షణము ఎంతసేపటికి కనబడినదో వ్రాసికొనెను. మూగజీవములకు అట్టి బాధ కలిగించుట నేటి మన మనస్సునకు కష్టముగా తోచును. ఇప్పుడట్టి ప్రయోగములకు చట్టము కఠినమైన హద్దులు విధించినది. ఆ దినములలో తంజావూరు మాత్ర యను మందు పాముకాటునకు దివ్యౌషధమని పేరుపొందియుండెను. రస్సెల్ ఆ మాత్రను, దానిలోని దినుసులను పరీక్షించెను. దానిలో ముఖ్యమైనది పాషాణము. అదియే ఒక విషము. పాము కఱచినవాడు మాత్ర మ్రింగి బ్రతికినంత మాత్రమున మాత్రయే బ్రతికించినదని చెప్పవీలులేదు. కఱచినది విషములేని పాము కావచ్చును. విషసర్పమైనను ఒక్కొక్కప్పుడు విషము దింపకయే కఱచును. అట్టివారు మందు లేకున్నను బ్రతుకుదురు. మంత్రగాని కీర్తియు ఈ రీతిగనే పెరుగును. బ్రతికినవాడు ఊరంతయు తిరిగి చెప్పును, చచ్చినవాడు చెప్పలేడు. కాబట్టియే పేరునుబట్టి గాక పరీక్షనుబట్టి మందు విలువ కట్టవలెను.

విషసర్పములను గూర్చి రస్సెల్ వ్రాసిన వ్యాసమును 1787లో చెన్నపట్టణపు ప్రభుత్వము అచ్చు వేయించెను. 1789లో ఆయన స్వదేశమునకు మరలెను. తాను సేకరించినదానిని గ్రంథరూపమున పెట్టుటయే శేషజీవితమున ఆయనకు పని యయ్యెను. 1796లో కోరమాండల్ తీరపు సర్పములనుగూర్చిన గొప్ప గ్రంథము, రంగుల చిత్రములతో, కంపెనీవారి యాజ్ఞమేరకు వెలువడెను. 1803లో విశాఖపట్టణపు చేపల గ్రంథము వచ్చెను. 1804లో, అనగా డెబ్బదియైదు దాటిన వయసున, నాగుపాము పడగ విప్పు విధమును వివరించు వ్యాసమును రాయల్ సొసైటీకి సమర్పించెను. ఆయన వివాహము చేసికొనలేదు. 1805 జూలై 2వ తేదీన లండనులో కన్నుమూసెను. సర్పగ్రంథపు చివరి భాగములు ఆయన మరణానంతరమున ప్రకటితములైనవి.

ఏ పాము చంపునో రస్సెల్ చెప్పెను. ఎట్లు చంపునో చెప్పుటకు ఆ నాటి శాస్త్రమునకు శక్తి చాలలేదు. ఆ రహస్యము మెల్లమెల్లగా విడిపోయినది. బాలబాలికలారా, దానిని కొంచెము శ్రద్ధగా వినుడు.

మన మెదడునుండియు, వెన్నుపామునుండియు నరములు శరీరమంతట వ్యాపించియున్నవి. దీనినే నాడీమండలమందుము. వేలు కదల్పవలెనని తలంచినంతనే ఒక సందేశము విద్యుత్తు రూపమున నరము వెంబడి పరువెత్తును. కాని నరపు కొన కండరమును అంటదు. నడుమ కంటికి కనబడనంత సన్నని యెడము కలదు. ఆ యెడమును దాటించుటకు నరపు కొననుండి అసిటైల్‌కోలిన్ అను రసాయనము వెలువడును. కండరముమీద దానిని అందుకొను గ్రాహకములు కలవు. గ్రాహకము తాళమువంటిది; రసాయనము తాళపుచెవివంటిది. చెవి తాళమున పడినప్పుడే కండరము కదలును.

నాగుపాము విషములోని ముఖ్యాంశము ఈ తాళములలో దూరి కూర్చుండును. తాళము తెఱువదు, అసలు చెవిని రానీయదు. మెదడు ఆజ్ఞ పంపుచునే యుండును; నరము దానిని మోయుచునే యుండును; కండరమునకు మాత్రము వినబడదు. నాడీమండలమునకు హాని చేయు ఇట్టి విషమును నాడీవిషమందురు. కట్లపాము విషము ఇంకను క్రూరమైనది. అది తాళమును మూయుటయేగాక నరపు కొననే చెఱచును. అందుచే దాని ప్రభావము త్వరగా తొలగదు.

నాడీవిషము సోకినవానికి మొదట కనుఱెప్పలు వాలును. ఒక వస్తువు రెండుగా కనబడును. మాట ముద్దయగును, గ్రుక్క మ్రింగుట కష్టమగును, మెడ నిలువదు. తుదకు ఊపిరిని ఆడించు కండరములు చేతులెత్తివేయును. ఆ స్థితిలో రోగి చచ్చినవానివలె కనబడినను గుండె కొట్టుకొనుచునే యుండును. లోపల తెలివియు ఉండవచ్చును. 1870 ప్రాంతమున ఫేరర్, బ్రంటన్ అను వైద్యులు నాగువిషము ప్రధానముగా శ్వాసను ఆపి చంపునని పరిశోధించి చూపిరి. ఊపిరి ఆగినవానికి యంత్రముతో ఊపిరి అందించినచో విషము వదలువఱకు బ్రతికింపవచ్చునను నేటి చికిత్సకు మూలము ఈ జ్ఞానమే. కాటుకరేకుల పొడ, అనగా రక్తపింజర, దారి వేఱు. దాని విషము ముఖ్యముగా రక్తమును గడ్డకట్టనీయదు, మూత్రపిండములను చెఱచును. నాగుపాము తరువాత అధికముగా భయపడదగినది ఇదియేయని రస్సెల్ ఎంచెను. 1797లో శాస్త్రజ్ఞులు ఆ పామునకు ఆయన పేరే పెట్టిరి. నేటికిని అది ఆంగ్లమున రస్సెల్ పింజరయే.

ఇక బంగారు పాము కథ వినదగినది. నలుపు, పసుపు పట్టెలతో మెఱయు కట్లపాము జాతిది ఆ పేరు. రస్సెల్ అచ్చు వేయించిన ఆ తెలుగుపేరునుండియే 1803లో దౌదిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కట్లపాముల కుటుంబమున కంతటికి బుంగారస్ అను పేరు పెట్టెను. 1963లో తైవాను దేశమున చాంగ్, లీ అను శాస్త్రజ్ఞులు ఒక కట్లపాము విషమునుండి నాడీవిషమును వేఱుచేసి, పాముపేరునుబట్టి దానిని ఆల్ఫా బుంగరోటాక్సిన్ అనిరి. అది పైన చెప్పిన గ్రాహకములను గట్టిగా పట్టుకొని వదలదు. చంపు గుణమే శాస్త్రజ్ఞునకు సాధనమయ్యెను. దానిని గుర్తుగా వాడి కండరమునందలి గ్రాహకములను లెక్కింపగలిగిరి, వేఱుచేయగలిగిరి. కనుఱెప్పలు వాలిపోయి కండరములు నీరసించు మయస్థీనియా గ్రేవిస్ అను వ్యాధిలో ఆ గ్రాహకములు తగ్గిపోవునని 1973లో దానివలననే తెలిసెను. పాములవాని నోటి తెలుగుమాట ఇట్లు ప్రపంచపు ప్రయోగశాలలన్నిటను నేటికిని పలుకబడుచున్నది.

రస్సెల్ వెదకిన నిజమైన మందు ఆయన మరణించిన తొంబది యేండ్లకు దొరకెను. 1894లో ఫ్రాన్సు దేశమున కాల్మెట్ మొదలగువారు పాము విషమును జంతువులకు కొంచెము కొంచెముగా ఎక్కించి, వాని రక్తమున పుట్టిన విరుగుడును తీసి చూపిరి. నేడు మన దేశమున గుఱ్ఱముల రక్తమునుండి తయారగు విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటి విషమునకును పనిచేయును.

మందు కలిగియు మరణములు ఆగలేదు. 2000 మొదలు 2019 వఱకు ఏటేట సగటున 58,000 మంది భారతీయులు పాముకాటున మరణించిరని 2020లో వెలువడిన యొక పరిశోధన అంచనా వేసినది. వారిలో అధికులు పల్లెవాసులు. సగము మరణములు జూన్, సెప్టెంబరు నెలల నడుమ, వానకాలమున సంభవించినవి. మంత్రగాని గడపవద్ద పోయిన గడియలే ప్రాణములు తీయును. కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించువారిని కఱచును. గాటు చీమ కుట్టినట్లుండును, వాపు కనబడదు, తెల్లవాఱుసరికి కడుపునొప్పియు, ఱెప్పలవాలుటయు మొదలగును. ఏమియు కాలేదని ఊరకుండుట ప్రాణాంతకము. కఱచిన చోట కోయరాదు, పీల్చరాదు, బిగించి కట్టరాదు. కఱచిన అవయవమును కదల్పక, రోగికి ధైర్యము చెప్పి, 108 వాహనమును పిలిచి, వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. మంచముపై దోమతెర కట్టుకొని పరుండుట, చీకటిలో దీపము లేక నడువకుండుట రాకముందే కాపాడు మందులు.

రస్సెల్ కంపెనీ కొలువున పనిచేసినవాడు. ఆ కంపెనీ మన దేశమును ఏలుటకు, లాభము గొనుటకు వచ్చినది. ఆ సత్యమును మఱువనక్కఱలేదు. కాని ఆయన చూపిన మార్గము ఏ రాజ్యమునకు సంబంధించినదియు కాదు. భయపడిన చోట పాఱిపోక నిలిచి చూచుట, పేరుపొందిన మందునైనను పరీక్షించుట, చదువురాని వానినోటి మాటనైనను గౌరవించి నేర్చుకొనుట - ఇవి ఆయన గుణములు. పాముపుట్టకు పాలు పోయువారును, పామును చూచి కఱ్ఱ యెత్తువారును పలువురు కలరు. దాని నోరు తెఱచి నిజము చూచినవాడు రస్సెల్. ఆ చూపు కలిగినవారు ఊరికొక్కరున్నను ఎన్నో ప్రాణములు నిలుచును.